చెరువు విలువ 1 రూపాయేనా?



ఈసారి పురుగు రోగాల గురించి, గూళ్ల రేటు గురించి రాయడం లేదు. ఊరి చెరువు గురించి, పంచాయతీ లెక్కల పుస్తకం గురించి రాస్తున్నాం. పట్టుకీ దీనికీ ఏం సంబంధం అనుకోవద్దు. మన తోటకు నీళ్లు బోరు నుంచి వస్తాయి. బోరుకు నీళ్లు చెరువు నుంచి దిగుతాయి. ఆ చెరువు బతకాలా వద్దా అనేది చాలాసార్లు ఒక లెక్కల పుస్తకంలో తేలిపోతుంది. ఆ పుస్తకం మనలో చాలామంది ఎప్పుడూ తెరిచి చూడలేదు. కొంచెం పొడుగ్గానే ఉంటుంది, కొత్త మేత వేసి పురుగు సర్దుకున్నాక తీరిగ్గా చదవండి.

*మన ఇంటి లెక్కతో మొదలుపెడదాం*

మన దగ్గర ఏం ఆస్తి ఉంది అని బ్యాంకువాళ్లు అడిగితే ఏం చెప్తాం? ఎకరన్నర మల్బరీ తోట, పురుగుల షెడ్డు, బోరు, మోటారు, డ్రిప్పు పైపులు, చంద్రికలు. ప్రతిదానికీ ఒక ధర ఉంది, ఒక ఆయుష్షు ఉంది. మోటారు కాలిపోతుందని తెలుసు కాబట్టి నాలుగు డబ్బులు పక్కన పెట్టుకుంటాం. షెడ్డు రేకు పగిలితే వానకు ముందే మారుస్తాం. తోట ముసలిదైతే పీకి కొత్త మొక్క నాటాలని ముందే అనుకుంటాం.

ఆస్తి నిర్వహణ అంటే ఇంతే. ఏముందో రాసుకోవాలి, ఎట్లా ఉందో చూసుకోవాలి, ఎప్పుడు ఖర్చు వస్తుందో ముందే తెలుసుకోవాలి, డబ్బు సిద్ధం చేసుకోవాలి. నగర పాలికెలు, మునిసిపాలిటీలు, పంచాయతీలు కూడా ఇదే పని చేయాలి. రోడ్డు, బిల్డింగు, వీధి దీపం, వాటరు ట్యాంకు అన్నీ వాళ్ల ఆస్తుల పట్టికలో ఉంటాయి. ఏటా అరుగుదల కూడా లెక్క కడతారు.

మరి చెరువు? రాజకాలువ? గుండుతోపు? గోకుంట? ఇక్కడే చిక్కు.

*పుస్తకంలో 1 రూపాయి*

2004లో కేంద్రం దేశంలోని పట్టణ సంస్థలన్నిటికీ ఒక అకౌంట్ల మాన్యువల్ తెచ్చింది. జాతీయ పురపాలక అకౌంట్ల మాన్యువల్ అని దాని పేరు. అందులో ఆస్తిని కొన్న ధరకు, కట్టిన ఖర్చుకు రాయమన్నారు. డబ్బు పెట్టకుండా ఉచితంగా వచ్చిన ఆస్తి ఉంటే దానికి నామమాత్రంగా 1 రూపాయి విలువ రాయమన్నారు.

లెక్కలవాళ్ల వైపు నుంచి చూస్తే ఇది తప్పు కాదు. ఖర్చు పెట్టని దానికి ఖరీదు ఎట్లా రాస్తారు? కానీ మన ముత్తాతలు తవ్విన చెరువుకు ఇప్పటి పాలికె పైసా పెట్టలేదు. వాన నీళ్లు తెచ్చే వంక ఎవరూ కొన్నది కాదు. అందుకని 100 ఎకరాల చెరువు కూడా పుస్తకంలో 1 రూపాయి కావచ్చు, లేదా అసలు పట్టికలోనే లేకపోవచ్చు. అదే చెరువు కట్ట మీద వేసిన వాకింగ్ ట్రాకు, చుట్టూ పెట్టిన ఇనుప కంచె, గేటు మాత్రం లక్షల్లో కనిపిస్తాయి.

దీనివల్ల మూడు నష్టాలు జరుగుతాయి.

ఒకటి, 1 రూపాయి ఆస్తికి మరమ్మతు డబ్బు అడిగితే ఎవరూ ఇవ్వరు. రోడ్డుకు ఏటా బడ్జెట్ ఉంటుంది. చెరువుకు మాత్రం కట్ట తెగినప్పుడే గుర్తు వస్తుంది.

రెండు, చెరువు పోతే పుస్తకంలో నష్టం కనపడదు. 1 రూపాయి పోయింది, అంతే. దాని మీద కాంప్లెక్సు కట్టితే కోట్ల ఆస్తి పెరిగినట్టు కనిపిస్తుంది. అంటే లెక్క ప్రకారం చెరువు పూడ్చినవాడు లాభం చేసినట్టు.

మూడు, చెరువు ఇచ్చే ఆదాయం కనిపిస్తుంది కానీ చెరువు కనిపించదు. చేపల వేలం డబ్బు, చింతకాయల వేలం డబ్బు పంచాయతీ జమలో ఉంటాయి. ఆ చేపలు పెరిగిన చెరువు, ఆ చింతచెట్టున్న తోపు ఖర్చులో ఉండవు. గూళ్లు అమ్మిన డబ్బు రాసుకుని, తోటకు ఎరువు ఖర్చు రాయకుండా ఉంటే ఎన్ని పంటలు తీస్తాం? ఇదీ అదే.

*బెంగళూరు కట్టిన బిల్లు*

మన గూళ్లు, మన నూలు చివరికి చేరే ఊరు బెంగళూరు. సెంట్రల్ సిల్క్ బోర్డు ఆఫీసు కూడా అక్కడే ఉంది. ఆ ఊరి కథ చూస్తే 1 రూపాయి లెక్క ఎంత ఖరీదైందో తెలుస్తుంది.

బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో, మిట్ట మీద ఉంది. పక్కన పెద్ద నది లేదు. వాన నీళ్లు మూడు లోయల్లోకి దిగుతాయి: కోరమంగళ-చల్లఘట్ట, హెబ్బాళ, వృషభావతి. ఆ లోయల వెంట పెద్దవాళ్లు గొలుసు మాదిరిగా చెరువులు కట్టారు. పైచెరువు నిండి మరవ పారితే నీళ్లు రాజకాలువలో పడి కిందచెరువుకు పోయేవి. కోలారు, చిక్కబళ్లాపురం, అనంతపురం, చిత్తూరు వైపు మన ఊళ్లలో ఉన్నదీ ఇదే ఏర్పాటు.

ఊరు పెరిగే కొద్దీ గొలుసు తెగింది. ధర్మాంబుధి చెరువు ఉన్నచోట ఇప్పుడు మెజెస్టిక్ బస్టాండు ఉంది. సంపంగి చెరువు ఉన్నచోట కంఠీరవ స్టేడియం ఉంది. చెరువులే కాదు, కాలువలూ పోయాయి. 2021లో కాగ్ బెంగళూరు వాననీటి కాలువల మీద ఇచ్చిన రిపోర్టులో కోరమంగళ లోయ కాలువలు 1900 ప్రాంతంలో సుమారు 113 కి.మీ. ఉండేవని, 2016-17 నాటికి సుమారు 63 కి.మీ.కి తగ్గాయని రాశారు. వృషభావతి లోయలో సుమారు 226 కి.మీ. ఉన్నవి 112 కి.మీ. అయ్యాయి. అంటే దాదాపు సగం మాయం.

ఇన్ని కిలోమీటర్ల రోడ్డు పోయి ఉంటే ఆడిట్‌లో ఏటా గోల అయ్యేది. వంక పోతే వందేళ్ల తర్వాత లెక్క తేలింది.

తర్వాత బిల్లులు రావడం మొదలైంది.

మొదటి బిల్లు తాగునీళ్లది. బెంగళూరుకు ముందు హెసరఘట్ట నుంచి, 1933 తర్వాత అర్కావతి మీద కట్టిన తిప్పగొండనహళ్లి నుంచి నీళ్లు వచ్చేవి. డ్యాము, పైపులు, పంపులు పుస్తకంలో ఉన్నాయి. కానీ డ్యాముకు నీళ్లు తెచ్చే వంకలు, చెరువులు ఎవరి పుస్తకంలోనూ లేవు. పైన లేఅవుట్లు, బోర్లు, నీలగిరి తోపులు పెరిగాయి. మురుగూ కలిసింది. 2010 దాటాక తిప్పగొండనహళ్లి నుంచి ఊరికి నీళ్లు రావడం ఆగిపోయింది. డ్యాము ఉంది, పైపు ఉంది, నీళ్లు లేవు. ఇప్పుడు కావేరి నీళ్లను సుమారు 100 కి.మీ. దూరం నుంచి, అర కిలోమీటరు ఎత్తుకు పంపు చేసి తెస్తున్నారు. కావేరి ఐదో దశ 2024 అక్టోబరులో మొదలైంది, రోజుకు 77.5 కోట్ల లీటర్లు. అయిన ఖర్చు వేల కోట్లు. అందులో జపాన్ సంస్థ జైకా ఇచ్చిన అప్పు కూడా ఉంది. అప్పు తీర్చేది జనమే.

రెండో బిల్లు వరదది. 2022 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో ఔటర్ రింగ్ రోడ్డు మునిగింది. పెద్ద పెద్ద కంపెనీల ఉద్యోగులు ట్రాక్టరు ఎక్కి ఆఫీసుకు పోయారు. ఒక్క రోజు ట్రాఫిక్ జాముకే 225 కోట్ల నష్టం అని అక్కడి కంపెనీల సంఘం ముఖ్యమంత్రికి ఉత్తరం రాసింది. నీళ్లు కొత్త దారి పట్టలేదు, పాత వంక దారినే వెతుక్కున్నాయి.

మూడో బిల్లు బెళ్లందూరుది. సుమారు 900 ఎకరాల చెరువు. మురుగు చేరి నురగ పొంగింది. 2017 ఫిబ్రవరిలో, 2018 జనవరిలో చెరువు మంట పట్టుకుంది. నీళ్లలో మంట! 2018 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ కర్ణాటక ప్రభుత్వానికి 50 కోట్లు, పాలికెకు 25 కోట్లు జరిమానా వేసింది. చెరువులు బాగు చేయడానికి ప్రభుత్వం 500 కోట్లు పక్కన పెట్టాలని ఆర్డరు ఇచ్చింది.

ఏళ్ల తరబడి చెరువు మీద పెట్టని ఖర్చు ఒక్కసారి ఇట్లా వచ్చి పడింది. రోగం మొదట్లో సున్నం చల్లని షెడ్డులో నాలుగో జ్వరం లేచాక మందు వెతికినట్టు.

*పెద్దవాళ్లకు ఈ లెక్క తెలుసు*

ఇదంతా కొత్త చదువు అనుకోవద్దు. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి చెరువు శాసనం ఉంది. విజయనగరం బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు కట్టించాడు. రెండేళ్లపాటు రోజూ 1000 మంది కూలీలు, 100 బండ్లు పనిచేసిన సంగతి అందులో ఉంది. మంచి చెరువుకు ఉండాల్సిన 12 లక్షణాలు, చెరువుకు పట్టే 6 దోషాలు కూడా రాశారు. ఇప్పటి ఇంజనీర్లు ఆస్తి స్థితి రిపోర్టు అంటున్నది అదే.

ఆ దోషాల్లో ఒకటి చూడండి: రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండడం. ఎవరిదో తేలని చెరువును ఎవరూ చూడరు. ఇప్పుడు రాజ్యాల బదులు శాఖలు ఉన్నాయి. కట్ట ఒక శాఖది, నీళ్లు ఒక శాఖవి, చేపలు ఒక శాఖవి, మురుగు ఇంకో బోర్డుది. 2025 సెప్టెంబరులో బెంగళూరు పాలికె పోయి 5 నగర పాలికెలు వచ్చాయి. లోయ మాత్రం ఒక పాలికె హద్దు దగ్గర ఆగదు కదా. పైచెరువు ఒకరిది, కిందచెరువు ఇంకొకరిది అయితే మధ్య కాలువ ఎవరి పుస్తకంలో ఉండాలి? దీనికి జవాబు ఇప్పుడే రాసుకోకపోతే ఆరువందల యాభై ఏళ్ల కిందటి దోషం మళ్లీ పడుతుంది.

డబ్బు ఏర్పాటు కూడా పెద్దవాళ్లు చేశారు. రాయలసీమలో దశబంధం మాన్యాలు ఉండేవి. చెరువు తవ్వించినవాళ్లకు, బాగు చేసినవాళ్లకు చెరువు కింద కొంత భూమి మాన్యంగా ఇచ్చేవాళ్లు. బదులుగా మరమ్మతు చూసుకోవాలి. కన్నడ సీమలో దాన్నే కట్టుకొడిగె అనేవాళ్లు. నీళ్లు వదిలే నీరుగంటికి పంటలో వాటా ఉండేది. అంటే చెరువు ఆదాయంలో నుంచే చెరువు ఖర్చు ముందే కట్టేశారు. చెరువులు ప్రభుత్వం చేతికి పోయాక, మాన్యాలు పోయాక, ఆ ఖర్చు గడి ఖాళీ అయింది. ఇప్పటిదాకా సరిగా నిండలేదు.

*వేరే ఊళ్లు ఏం చేశాయి*

కెనడాలో గిబ్సన్స్ అని సముద్రం ఒడ్డున చిన్న ఊరు. జనాభా 5000 కూడా లేదు, మన దగ్గర ఒక పెద్ద పంచాయతీ అంత. వాళ్ల తాగునీళ్లు భూమి కింద పొరలో నుంచి వస్తాయి. ఫిల్టరు ప్లాంటు లేకుండానే నీళ్లు శుభ్రంగా ఉంటాయి. 2014లో ఆ ఊరి పాలకులు ఒక తీర్మానం చేసుకున్నారు: భూగర్భ జలం, వాగులు, అడవి, కుంటలు కూడా రోడ్డు, పైపు లాగా ఊరి ఆస్తులే, వాటికీ పట్టిక, స్థితి రిపోర్టు, బడ్జెట్ ఉండాలి అని. ఉత్తర అమెరికాలో ఇట్లా చేసిన మొదటి ఊరు అదే.

వాళ్ల పార్కులో కొన్ని కుంటలు ఉన్నాయి. వాననీళ్లను అవే పట్టుకుంటాయి. ఆ కుంటలు లేకుంటే అదే పనికి పైపులు, కాంక్రీటు ట్యాంకులు కట్టడానికి ఎంత అవుతుందని లెక్క వేశారు. 35 నుంచి 40 లక్షల డాలర్లు అని తేలింది. కుంటలను బాగా చూసుకోవడానికి అయ్యేది అందులో చాలా తక్కువ. ఇంత తెలిశాక కుంటల పూడిక ఖర్చును బడ్జెట్ నుంచి తీసేయడం ఎవరికైనా కష్టం.

మన దేశంలోనూ ఉంది. కలకత్తా తూర్పు పక్క చిత్తడి నేలల్లో, సుమారు 12,500 హెక్టార్లలో, ఊరి మురుగునీళ్లు చేపల చెరువుల్లోకి పోతాయి. ఎండ, నాచు, చేపలు కలిసి నీళ్లను శుభ్రం చేస్తాయి. చేపలు, కూరగాయలు మళ్లీ ఊరికే అమ్ముతారు. ఆ చిత్తడి పోతే ఊరు అన్ని మురుగు శుద్ధి ప్లాంట్లు కట్టుకుని, కరెంటు బిల్లు కట్టుకోవాలి. 2002లో దానికి రాంసర్ గుర్తింపు వచ్చింది.

బెంగళూరులోనే జక్కూరు చెరువు చూడండి. పక్కన మురుగు శుద్ధి ప్లాంటు ఉంది. శుద్ధి చేసిన నీళ్లు ముందు జమ్ము గడ్డి పెరిగిన చిత్తడిలో నిలబడి, అక్కడ ఇంకా శుభ్రమై, తర్వాత చెరువులో పడతాయి. స్థానికులు కూడా కాపలా ఉంటారు. ఇక్కడ ప్లాంటు కాంక్రీటు ఆస్తి, జమ్ము గడ్డి ప్రకృతి ఆస్తి. రెండూ కలిసి ఒక పని చేస్తున్నాయి. కానీ పుస్తకంలో ప్లాంటుకు ధర ఉంటుంది, గడ్డికి ఉండదు.

*మన చెరువుల్లోకి వచ్చిన బెంగళూరు నీళ్లు*

కోలారు, చిక్కబళ్లాపురం వాళ్లకు ఇది బాగా తెలిసిన సంగతి. 2018 జూన్ నుంచి కేసీ వ్యాలీ పథకంలో బెంగళూరు శుద్ధి నీళ్లు కోలారు చెరువుల్లోకి వస్తున్నాయి. మొదట లక్ష్మీసాగర చెరువు నిండింది. రోజుకు 44 కోట్ల లీటర్లు, 126 చెరువులు అని పథకం. హెచ్ఎన్ వ్యాలీ కింద చిక్కబళ్లాపురం, బెంగళూరు గ్రామాంతర వైపు 65 చెరువులకు రోజుకు 21 కోట్ల లీటర్లు అని ఇంకో పథకం.

నీళ్లు వచ్చిన చోట బోర్లలో మట్టం పెరిగింది. ఎండిన బోర్లు లేచిన ఊళ్లు ఉన్నాయి. మల్బరీ మళ్లీ నాటినవాళ్లు ఉన్నారు. అదే సమయంలో మొదట్లోనే నురగ కనిపించి గొడవ అయింది, కేసులు కోర్టులకు పోయాయి, నీళ్లు ఆగి మళ్లీ మొదలయ్యాయి. రెండో దశ శుద్ధి చాలదు, మూడో దశ కూడా చేయాలని రైతు సంఘాలు ఇప్పటికీ అడుగుతున్నాయి. ఆ డిమాండు న్యాయమైనదే. మనం తాగే నీళ్లూ ఆ పొరలోవే.

ఇక్కడ ఆస్తి లెక్క అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉంది. పథకంలో పైపులకు, పంపులకు, జాక్‌వెల్లులకు వందల కోట్లు పెట్టారు. అవన్నీ ఆస్తులు. ఆ నీళ్లను నిలిపేది, వడకట్టేది, భూమిలోకి దించేది మన 126 చెరువులు. ఆ చెరువుల పూడిక, తూబు, కట్ట, నీళ్ల పరీక్ష ఖర్చు ఏటా ఎవరి బడ్జెట్‌లో ఉంది? పైపు పగిలితే టెండరు పిలుస్తారు. చెరువు అడుగున బురద పేరుకుని నీళ్లు దిగడం ఆగిపోతే ఎవరిని పిలవాలి? చెరువును కూడా ఆ పథకంలో ఒక యంత్రం లాగా పట్టికలో రాస్తే ఈ ప్రశ్నకు జవాబు పుస్తకంలోనే దొరుకుతుంది.

*ఒక చెరువుకు లెక్క కట్టి చూద్దాం*

ఇది ఉదాహరణ మాత్రమే, మీ ఊరి కొలతలు పెట్టుకుని మీరే చేసుకోవచ్చు.

చెరువు 50 ఎకరాలు అనుకుందాం. నిండితే సగటున 2 మీటర్ల లోతు. అంటే సుమారు 4 లక్షల ఘనపు మీటర్లు, అంటే 40 కోట్ల లీటర్లు. అందులో ముప్పావు వంతు ఆవిరైపోయింది, పారిపోయింది అనుకుందాం. పావు వంతు, 10 కోట్ల లీటర్లు మాత్రమే భూమిలోకి దిగింది.

2024 మార్చిలో బెంగళూరు నీళ్ల కటకట వచ్చినప్పుడు జిల్లా యంత్రాంగం ట్యాంకరు రేటు కట్టింది. 5 కి.మీ. లోపల 6000 లీటర్ల ట్యాంకరుకు 600 రూపాయలు. అంటే లీటరు 10 పైసలు. 10 కోట్ల లీటర్లు ట్యాంకర్లతో కొంటే సుమారు 1 కోటి రూపాయలు, 16 వేలకు పైగా ట్రిప్పులు.

ఒక్కసారి నిండినందుకే ఇంత. వరద ఆపినందుకు, పశువులు తాగినందుకు, చేపలకు, తోటలకు వేసే ఒండ్రు మట్టికి, షెడ్లకు వచ్చే చల్లగాలికి ఇందులో లెక్కే కట్టలేదు. ఈ చెరువు పుస్తకంలో 1 రూపాయి.

ట్యాంకరు రేటుతో రైతు తోట తడపడు, ఆ మాట నిజమే. కానీ చెరువు లేని ఊరు నీళ్లు కొనాల్సి వస్తే ధర ఏమిటో తెలుసుకోవడానికి అది ఒక కొలత. దీన్నే మార్పిడి ఖర్చు అంటారు: ఇది పోతే, ఇదే పని చేయించుకోవడానికి ఎంత పెట్టాలి? గిబ్సన్స్ వాళ్లు కుంటలకు కట్టింది ఇదే పద్ధతి.

మన పట్టు లెక్క కూడా కలపండి. కిలో గూళ్లకు సుమారు 20 కిలోల ఆకు కావాలి. పురుగు తినే మొత్తం ఆకులో నూటికి 80 పాళ్లకు పైగా నాలుగో జ్వరం లేచాకే తింటుంది. ఆ ఏడెనిమిది రోజుల ఆకు కోసం ముందు రెండు నెలలు తోటకు తడి ఉండాలి. బోరు ఆగితే పురుగుకు రేపు రమ్మని చెప్పలేం. నీళ్లు తగ్గిన తోట ఆకు ముదురుతుంది, పురుగు సరిగా తినదు, గూడు పలచబడుతుంది, మార్కెట్లో రేటు పడిపోతుంది. ఊళ్లో 40 మంది పట్టు పెట్టేవాళ్లు ఉంటే ఒక్కొక్కరికి ఏడాదిలో ఒక్క పంట తగ్గినా ఎంత? ఆ మొత్తం కూడా చెరువు విలువలో భాగమే.

*ధర కడితే అమ్మేస్తారా?*

ఈ అనుమానం చాలామందికి వస్తుంది. రావాలి కూడా. చెరువుకు కోటి అని రాస్తే, ఎవడో రెండు కోట్లు ఇస్తానని వస్తే?

రెండు మాటలు గుర్తుపెట్టుకోవాలి. మొదటిది, ఇక్కడ కట్టేది అమ్మకం ధర కాదు, పోతే పడే నష్టం. ఇంట్లో ముసలి అవ్వకు వైద్యం ఖర్చు లెక్క వేసుకుంటాం, అవ్వకు ధర కట్టినట్టా? రెండోది, చట్టం ఒప్పుకోదు. 2001లో ఒకసారి, 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో మరోసారి సుప్రీంకోర్టు చెరువులు, కుంటలు, ఊరి ఉమ్మడి భూములను కాపాడాలని తీర్పు ఇచ్చింది. 2011 తీర్పులో ఆక్రమణలు తీయించే పథకం తయారు చేయాలని అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. కాబట్టి పట్టికలో చెరువు పక్కన 'అమ్మకానికి కాదు' అని స్పష్టంగా రాయించాలి. ధర రాయకుండా ఉన్నంత మాత్రాన చెరువులు దక్కలేదు. బెంగళూరు చెరువులు ఎవరూ ధర రాయకుండానే పోయాయి.

అన్నిటికీ రూపాయి కట్టలేం కూడా. గంగమ్మ జాతరకు, చెరువు గట్టు మీది కట్టమ్మ గుడికి లెక్క లేదు. అట్లాంటివి మాటల్లోనే రాయాలి. ఖాళీ గడి వదలకుండా రాయడమే ముఖ్యం.

*మన పంచాయతీలో ఏం చేయవచ్చు*

పంచాయతీకి ఈ పని చేసే అధికారం ఉంది. రాజ్యాంగం 11వ షెడ్యూలులో చిన్న నీటిపారుదల, నీటి నిర్వహణ, వాటర్‌షెడ్ పంచాయతీల అంశంగా ఉన్నాయి. పట్టణాలకు 12వ షెడ్యూలులో పర్యావరణ రక్షణ ఉంది. డబ్బు దారీ ఉంది: 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీలకు ఇచ్చిన గ్రాంటులో 60 శాతం పారిశుద్ధ్యానికి, తాగునీటికి అని కట్టేశారు. తాగునీటి గడిలో వాననీటి సేకరణ కూడా ఉంది. ఏటా గ్రామ అభివృద్ధి ప్రణాళిక తయారు చేసేటప్పుడు గ్రామసభ పెట్టాలి. 2020 నుంచి ఈ-గ్రామ్‌స్వరాజ్ అనే ప్రభుత్వ పోర్టల్ కూడా ఉంది, పంచాయతీ ప్రణాళిక, ఖర్చు ఫోన్‌లోనే చూడవచ్చు.

గ్రామసభకు పోయేముందు ఒక కాగితం మీద ఇవి రాసుకోండి:

1. చెరువు, కుంట, తోపు, వంక పేరు, సర్వే నంబరు, రికార్డు ప్రకారం ఎన్ని ఎకరాలు, ఇప్పుడు నేల మీద ఎన్ని ఎకరాలు.

2. నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి, మరవ పారితే ఎక్కడికి పోతాయి. కాలువ లేని చెరువు వైరు లేని మోటారు లాంటిది. కాలువ కూడా పట్టికలో వేరే వరుసగా ఉండాలి.

3. ఎవరిది. కర్ణాటకలో 40 హెక్టార్ల లోపు ఆయకట్టు ఉన్న చెరువులు జిల్లా పంచాయతీ కింద, అంతకు పైవి చిన్న నీటిపారుదల శాఖ కింద ఉంటాయి. ఎవరిదో తేలితే ఎవరిని అడగాలో తేలుతుంది.

4. స్థితి. కట్ట, తూబు, మరవ, పూడిక, ముళ్లకంప, మురుగు. ఒక్కోదానికి బాగుంది, పర్వాలేదు, చెడిపోయింది అని రాస్తే చాలు. ఏటా వానలకు ముందు ఒకసారి, వానల తర్వాత ఒకసారి ఫోటో తీయండి.

5. ఏం పని చేస్తోంది. ఎన్ని బోర్లు, ఎన్ని ఎకరాల మల్బరీ, ఎన్ని పశువులు, ఏ వీధులు వరద నుంచి తప్పించుకుంటున్నాయి.

6. పోతే ఎంత నష్టం. పైన చూపించిన లెక్క.

7. ఏటా ఎంత కావాలి. కట్ట మీద కంప కొట్టడం, తూబుకు గ్రీజు, కాలువ తీయడం. ఇది పెద్ద మొత్తం కాదు. ఐదేళ్లకో పదేళ్లకో పూడిక తీయడం పెద్దది, దానికి ఏటా కొంత పక్కన పెట్టాలి.

ఏడో వరుసే అసలైనది. మిగతా ఆరు రాసి ఇది రాయకపోతే అది రికార్డు అవుతుంది కానీ బడ్జెట్ కాదు. చేపల వేలం, చింతకాయల వేలం డబ్బులో కొంత భాగం ఆ చెరువుకే, ఆ తోపుకే ఖర్చు పెట్టాలని తీర్మానం అడగండి. దశబంధం పెట్టిన పెద్దవాళ్ల ఆలోచనే ఇది, పేరు మాత్రం కొత్తది.

పూడిక మట్టి మల్బరీ తోటకు మంచి బలం. పంచాయతీ తవ్విస్తే రైతులు సొంత ట్రాక్టర్లతో తోలుకుంటామని ముందుకొస్తే తోలే ఖర్చు పంచాయతీకి తప్పుతుంది. కానీ ఒక జాగ్రత్త. మురుగు గానీ ఫ్యాక్టరీ నీళ్లు గానీ చేరే చెరువు మట్టిని పరీక్ష చేయించకుండా తోటకు వేయవద్దు. ఆకులో ఏం చేరుతుందో అది పురుగులో చేరుతుంది. ఇటుకల బట్టీలకు ఇష్టం వచ్చినట్టు తవ్వనివ్వడం కూడా పూడిక తీయడం కాదు, చెరువు అడుగు చెడిపోతుంది.

*చివరగా*

పంచాయతీ సెక్రటరీ మీద, సర్పంచి మీద గొడవకు పోవడానికి ఇది రాయలేదు. చాలామందికి పుస్తకంలో ఏ గడి ఉంటే అదే నింపడం తెలుసు. మనం కొత్త గడి చూపించాలి. ఒక ఊళ్లో ఒక చెరువుకు ఏడు వరుసలు నింపి గ్రామసభలో చదివి వినిపిస్తే, పక్క ఊరివాళ్లు అడగకుండానే మొదలుపెడతారు.

వానలు మొదలయ్యేలోపు మీ ఊరి ఒక్క చెరువుకు ఈ ఏడు వరుసలు రాసి, ఫోటోతో గ్రూపులో పెట్టండి. తెలుగులో రాసినా, కన్నడలో రాసినా సరే. సర్వే నంబరు దొరకకపోతే పేరు, ఊరు పెట్టండి, తెలిసినవాళ్లు సాయం చేస్తారు. బాగా రాసిన పట్టికలను మరో సంచికలో అందరికీ పంపుదాం.

ఇంకొక్క పని. ఈ సందేశం మీ వార్డు మెంబరుకు కూడా ఫార్వర్డ్ చేయండి.